ఇరవై మూడో బిళ్ళ

విజయనగరంలో, గంటస్తంభం వెనక సందులో
మా మెస్సుకి అరవై ఇత్తడి బిళ్ళలు.
డబ్బు కట్టినవాడి చేతికి ఒకటి,
వాడు తిని లేస్తే మళ్ళీ గల్లాపెట్టెలోకి.
ముప్పై ఒక్కేళ్ళు వాటిని లెక్కపెట్టిన చెయ్యి
మా అమ్మ పోలమ్మది.

పోయిన వేసవిలో ఆమెని విశాఖ రేవుకి తీసుకెళ్ళి
ఓడెక్కించాం.
నేను, మా ఆయన, పిల్లలిద్దరు. మూడు రాత్రుళ్ళు.
"తిండి కూడా టికెట్లోనే కలిసిపోయిందమ్మా" అంటే
నమ్మలేదు.
మొదటి పూట వడ్డన హాలు గుమ్మంలో ఆగి
బిళ్ళ కోసం చెయ్యి చాపింది.
తెల్ల గ్లవుజుల కుర్రాడు ఆ అరచేతిలో
శానిటైజరు చుక్క పిండాడు.
"కరోనా ఇంకా పోనేదేటి?" అంది.

లోపల ఏడు రకాల రొట్టెలు,
పుచ్చకాయలో చెక్కిన హంస,
పాస్తా, వణికే ఎర్ర జెల్లీ,
ఓ మూల సాంబారు, పక్కన దాని పేరు రాసిన చీటీ.
పిల్లలు మూడేసి పళ్ళేలు మార్చారు.
మా ఆయన నాలుగోసారి లేచాడు
"కట్టింది రాబట్టుకోవద్దూ" అంటూ.

అమ్మ తినేవాళ్ళని చూడలేదు.
ఎంగిలి పళ్ళేలు పేర్చే బల్లవేపు చూసింది.
కొరికి వదిలిన కేకులు, వేలు తగలని అన్నం.
"అరవైమందికి సరిపోతాది" అంది.
కోపం కాదు,
లెక్క.

రెండో రోజుకి ఇంకోటి పట్టుకుంది ఆమెని.
"ఎంత కావాలంటే అంత ఎట్టుకోమన్నారు, బానే ఉంది.
ఇంకొంచెం ఎట్టించుకో అని
ఒక్కడూ అన్నేదేటే?"

ఆ రాత్రి నిద్ర పట్టక వరండాల్లో తిరుగుతోంటే
వెనకాలే వెళ్ళాను.
కింది మెట్ల దగ్గర ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది.
పొద్దుట్నించీ ఏ బల్లమీదా లేని వాసన:
చింతపండు, ఎండు నెత్తళ్ళు,
నూనెలో కొంచెం ఎక్కువే కాలిన వెల్లుల్లి.
పనివాళ్ళ భోజనం వేళ అది, పదకొండున్నర.
తలుపు పక్కన గిన్నెలు తోమే కుర్రాడు
చేతులు తుడుచుకుంటూ లేచాడు.
బొత్తాం దగ్గర ఢిల్లేసు అని పేరు.

"ఏ వూరు గుంటడా నీది?"
"బారువ పక్కనమ్మా. మీది?"
చెప్పింది.
ఆ తర్వాత పులుసులో బెల్లం ఉండాలా వద్దా అని
ఇద్దరూ చాలాసేపు తగువులాడారు.
ఓడ కొంచెం ఊగింది. వాళ్ళు చూసుకోలేదు.

చిన్న గిన్నెలో అన్నం, మీద రెండు గరిటెల పులుసు.
"ఇది టికెట్లో లేదమ్మా, ఎవరికీ చెప్పకండి."
నిలబడే తింది. వేళ్ళు నాకింది.
నాకు ఒక్క ముద్దా పెట్టలేదు.
"ఇంకొంచెం ఎట్టించుకోండమ్మా" అన్నాడు వాడు.

అమ్మ కొంగుముడి విప్పింది.
నోటు తీస్తుందనుకున్నాను.
ఇత్తడి బిళ్ళ తీసింది.
ఓడ మీదికి దాన్నెందుకు తెచ్చుకుందో
ఇప్పటికీ చెప్పలేదు.
"ఇరవై మూడు. నువ్వెప్పుడొచ్చినా సెల్తాది.
గంటస్తంభం కాడ పోలమ్మ మెస్సంటే
ఎవుల్నడిగినా సెప్తారు."

ఇప్పుడు రాత్రిపూట బిళ్ళలు నేనే లెక్కపెడుతున్నాను,
అమ్మకి చూపు ఆనడంలేదు.
యాభై తొమ్మిది.
కొత్తది పోయించి తెస్తానంటే ఒప్పుకోదు.
"పోనేదే అది.
సముద్రం మీదుంది."

మధ్యాహ్నం మూడు దాటి, డేగిసాలు బోర్లించేశాక
ఎవడో గుమ్మంలో నిలబడి భోజనం ఉందా అంటాడు.
అమ్మ కళ్ళు చికిలించి
ముందు వాడి చేతికేసి చూస్తుంది.
బిళ్ళ ఉండదు.
"అయిపోనాది బాబూ" అంటుంది.
వాణ్ణి నాలుగడుగులు పోనిచ్చి
"ఆగు" అంటుంది.