తాత్కాలికంగా లేరు

రాజేంద్రనగర్ శిక్షణ కేంద్రంలో
నా పక్క కుర్చీ బెగిమాయ్‌ది.
కిర్గిజ్ దేశం, ఓష్ పట్నం, గణాంకాల ఆఫీసు.
నాది అత్తాపూర్ సర్కారు బడి.
ఫ్లైఓవర్ కింద ఏ పిల్లర్ నంబరో చెప్తే తప్ప
ఆటోవాళ్లకు కూడా తెలియదు.
గడప గడపకూ తిరిగి తలలు లెక్కపెట్టినదాన్ని కదా,
ఆ అనుభవం పది నిమిషాల్లో చెప్పమని పిలిచారు.

మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతే.
భోజనాల దగ్గర
పెరుగన్నంలో మిరపకాయ పక్కకు తోసి
కాగితం రుమాలు మీద తన దేశాన్ని గీసింది.
అడుగున వెడల్పు, పసిపిల్లలు.
కొసన సన్నం, ముసలమ్మలు.
మధ్యలో ఎవరో కొరికినట్టు ఒక నొక్కు.
"ఇది నా ఈడు" అంది.
పెద్ద దేశం ముక్కలైన ఏళ్లలో
జీతాలు ఆగాయి, పొయ్యిలు ఆగాయి,
వాటి వెనకే ఉయ్యాలలు.
వీధిలో జర్మన్ పేర్లవాళ్లూ రష్యన్ పేర్లవాళ్లూ
ఇళ్లు అగ్గువకు అమ్ముకొని రైలెక్కారు.
"మా తరగతిలో తొమ్మిది మందిమి.
ఇప్పుడు నా బిడ్డ బడికి మూడు షిఫ్టులు,
మూడోది వదిలేసరికి చుక్కలు పొడుస్తాయి."

నీ బడిలో ఎందరని అడిగింది.
"ఒకటో తరగతిలో నలుగురు.
వచ్చే ఏడు పక్క బడిలో కలిపేస్తారట."
కాసేపు ఇద్దరం ఏమీ అనకుండా
ఆమె పిల్లల్ని నా బెంచీల మీద కూర్చోబెట్టి చూసుకున్నాం.

వాళ్ల ఫారంలో ఒక గడి ఉందట:
తాత్కాలికంగా లేరు.
ఏ తలుపు కొట్టినా
మగడు మాస్కోలో, మరిది కజాన్‌లో,
పదకొండేళ్లుగా తాత్కాలికంగా.
ఒక ఉజ్బెక్ ఇంట్లో
చంకన బిడ్డతో ఉన్న పిల్ల ఆ గడి కొట్టేయమందట.
మేకుకు తగిలించిన రొట్టె దించి చూపించిందట.
పోతూ పోతూ అతను ఒక్క ముక్క కొరికినది.
మిగతాది వచ్చి తినాలని
రాయిలా ఎండబెట్టి దాచింది.
"పంటిగాటు ఇక్కడుంటే
మనిషి లేడని ఎట్లా రాస్తావు?"

నాకు బండ్లగూడ రేకుల షెడ్లు గుర్తొచ్చాయి.
ముప్ఫై అంతస్తుల పునాది పక్కన
ఒక్కో షెడ్డులో ఇరవై ఇద్దరు,
అందరూ పాతికలోపు, ఒక్క ఆడపేరు లేదు.
బలంగీర్ నుంచి వచ్చిన దయానిధి అనే పోరడిని
బిడ్డలెందరని అడిగితే
"ఒకటి" అన్నాడు.
ఆగి, "ఫోన్‌లో" అన్నాడు.
నా లెక్కలో ఆ ఈడు గీత
కాగితం అంచు దాటింది.
తప్పు రాశావని సూపర్‌వైజరు కసిరితే
మళ్లీ పోయి లెక్కపెట్టుకొచ్చాను.
అంతే ఉన్నారు.
అప్పుడు తట్టలేదు, ఈ రుమాలు చూశాక తట్టింది:
ఇక్కడ పొంగిన పొట్ట
ఇంకెక్కడిదో నొక్కు.
ఏ గోడకు ఏ రొట్టె వేలాడుతోందో
నా ఫారంలో అడిగే గడి లేదు.

సాయంత్రం ఆరాంఘర్ దాకా షేర్ ఆటో.
డ్రైవరు వెనక్కి తిరిగి వేలితో లెక్కపెట్టాడు.
"ముగ్గురే. ఇంకిద్దరు రానీ, పోదాం."
ఏమన్నాడని అడిగింది బెగిమాయ్.
చెప్పాను.
సంచి ఒళ్లోకి తీసుకొని
కిటికీ లేని ఆ అంచుకు
ఇద్దరికి సరిపడా జరిగింది.