లాకు

కుసుమాంబ గారి పాఠం
అత్తిలి కాలవ లాకు మీద, తెల్లారి అయిదింటికి.
తలుపుల సందుల్లోంచి నీళ్ళు దూకి అరుస్తుంటే
ఆ అరుపు మీదుగా
అవతలి గట్టు టీ బడ్డీ సూరయ్యకి మా పద్యం వినపడాలి.
వినపడితే చెయ్యెత్తుతాడు.
ఎత్తకపోతే మళ్ళీ మొదటి పాదం.

మేం అయిదుగురం.
తాపీ పని ఏసురత్నం, గోళ్ళలో సిమెంటు, గొంతులో కల్యాణి.
మందుల కొట్టు హైమ.
ఐటీఐ చదివే కవల పిల్లలు.
రొయ్యల ఫ్యాక్టరీలో తలలు వొలిచే నేను.
ఏడింటికి వ్యానొస్తుంది.
అంతదాకా మహారాణిని.

"మరిడీ, ఊపిరి అయిపోయిన చోట ఆగుతావేంటే?
అర్థం తెగే చోట ఆగు.
నీళ్ళున్నాయి కదాని లాకు తలుపులన్నీ ఎత్తేస్తారా?
బోదెలు తెగిపోవూ?
ఆఖరి చేనుకీ ఓ తడి మిగల్చాలి."
అంటూ నా పక్కటెముకల మీద చెయ్యేసి
అంకెలు లెక్కపెట్టేవారు.
ఆ చేతికి ఇప్పటికీ
కొబ్బరినూనె, సఫేదా కలిసిన వాసన.

ఒకరోజు ఏడవడం నేర్పారు.
"కన్ను తడిస్తే తడవనీ.
గొంతు తడవనిచ్చావో,
నీ ఏడుపు నీకే మిగులుద్ది, జనానికి అందదు."
ఏడుపు నాకు తెలుసు.
దాన్ని కాస్త ఎడంగా పట్టుకుని చూపించడమే తెలీదు.
ఐసు గదిలో మొద్దుబారిన వేలు
నాది కాదనిపిస్తుంది కదా,
అలా పట్టుకోవాలని
నా అంతట నాకే తోచింది, వ్యానులో.

వేసవిలో కాలవ కట్టేశారు.
మోకాలి లోతు నీళ్ళు, చీలమండ లోతు, ఆపైన బురద.
లాకు నోరు మూసుకుంది.
ఆ పొద్దున మొదటిసారి
నా గొంతు ఒంటరిగా నాకు వినపడింది.
రేకు మీద మేకు గీసినట్టు.
రెండేళ్ళుగా నేను పాడింది పద్యం కాదు,
నీళ్ళతో పోట్లాట.
సూరయ్య నవ్వుతూ చెవులు మూసుకున్నాడు.
కుసుమాంబ గారు నవ్వలేదు.
"గట్టిగా పాడ్డం వచ్చింది. ఇప్పుడు చిన్నగా పాడు.
అయినా వాడికి వినపడాలి."
దానియేలు ఏమీ అనకుండా
హార్మోనియం ఒక మెట్టు దించాడు.

పరిషత్తు పోటీకి వేషాలు పంచారు.
రాణి హైమ.
నేను ద్వారపాలకురాలిని. ఒక్కటే మాట: "చిత్తం."
ఆ రాత్రి అన్నం తినలేదు. చెప్పుకోడానికి సిగ్గే.
ఇంక వెళ్ళకూడదనుకున్నాను.
అయిదింటికి కాళ్ళే వెళ్ళాయి.

చేతికి వెదురు బల్లెం ఇచ్చారావిడ.
"నలభై నిమిషాలు నిలబడాలి.
రాణి పాడుతుంటే జనం కాసేపు రాణిని చూస్తారు,
తర్వాత నిన్ను చూస్తారు, ఈ బాధ నిజమేనా అని.
నువ్వు వింటే నిజం.
నీ కళ్ళు వ్యాను కోసం వెతికాయో,
అది వట్టి రాగాలాపన."

కాలవకి మళ్ళీ నీళ్ళొదిలిన వారం, తణుకులో పోటీ.
రాణి కోట విడిచే పద్యం.
మూడో పాదంలో హైమకి ఊపిరి చాల్లేదు,
అర్థం తెగడానికి ఇంకా రెండు మాటలున్నాయి.
బల్లెం పట్టుకుని నేను నా పక్కటెముకలు బిగించాను,
నా గాలి తనకి పోసేటట్టు.
దాటేసింది.
వన్స్ మోర్ అన్నారు జనం. హైమనే.

నా వంతొచ్చింది.
"చిత్తం" అన్నాను, చిన్నగా.
చివరి వరసలో ఎవరో చెయ్యెత్తారు.
సూరయ్యో,
దోమని తోలుకున్న ఇంకెవరో.

మర్నాడు ఫ్యాక్టరీలో
"మరిడీ, ఇంకో ట్రే" అన్నాడు సూపర్‌వైజరు.
"చిత్తం" అన్నాను, మాస్కు లోంచి.
ఆ చివర తూకం దగ్గరి పిల్ల
తలెత్తి ఇటు చూసింది.