పుచ్చు లెక్క

తెల్లారకముందే బేగంబజార్‌లో
మా దుకాణం ముందు లారీ ఆగింది.
రెండువందల నలభై గోతాల బాదం.
నూటికి ఐదుకి మించి పుచ్చుంటే సరుకు వాపస్.
ఒప్పంద కాగితంలో ఉన్నది ఆ ఒక్క ముక్కే,
మిగతాదంతా సంతకాలు.

జగ్‌మోహన్ సేఠ్ డాలా దగ్గరి గోతం విప్పి
మోచేతిదాకా చెయ్యి పెట్టాడు.
వంద పప్పులు గల్లాపెట్టె మీద పరిచాడు.
ఎనిమిది పుచ్చు.
"తిప్పి పంపెయ్" అన్నాడు,
"అన్నం ఉడికిందా అని కుండంతా తింటారా ఎవరన్నా?
ఒక్క మెతుకు నలిపితే తెలీదా?"

తెలుస్తుంది సేఠ్,
గరిటె అడుగుదాకా తిప్పినవాళ్ళకి తెలుస్తుంది.
మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండేది.
అడుగు మాడుతూ పైన పలుకుగా ఉండే అన్నం.
కలిపి, మళ్ళీ కలిపి, అప్పుడు తీసేది మెతుకు.
ఆమె బడికి పోలేదు.
నేను కోఠీలో సాయంత్రం క్లాసుకి
ఆరు నెలలు ఫీజు కట్టి నేర్చుకున్నది ఇదే.

హమాలీ మల్కయ్య తలపాగా విప్పి దులుపుతూ అన్నాడు:
"డాలా కాడియి నానినయమ్మా.
నాగపూర్ దాటినంక వాన, టార్పాలిన్ చినిగింది.
లోపలియి ఎత్తి చూసిన, పొడిగున్నయ్.
నా భుజానికి ఎరుకే."

లారీ వెనక్కి పోతే
ఎనిమిదిమందికి ఇవాళ దింపుడు కూలీ లేదు.
అందుకని అతని మాట సగమే నమ్మాను.
సగం నమ్మడం కూడా ఒక లెక్కేనని
రఫియా మేడం బోర్డు మీద రాసి చూపించింది.
భుజాన్ని ఎక్కడ రాయాలో మాత్రం చెప్పలేదు.

చిత్తు బిల్లు వెనక పెన్సిల్ పెట్టాను.
నిజంగా ఐదే పుచ్చున్న సరుకులోంచి
కళ్ళు మూసుకుని వంద తీసినా
ఎనిమిదో ఆపైనో తగలడం
నూటికి పదమూడుసార్లు జరిగేదే.
అఫ్జల్‌గంజ్‌లో నా బస్సు
ఆపకుండా పోయినన్నిసార్లు.
కోపమొస్తుంది, వింతనిపించదు.

సుద్దముక్కతో గోతాలకి నంబర్లు వేశాం.
బిస్కెట్ డబ్బాలో చీటీలు.
సేఠ్ మనవడు కళ్ళు మూసుకుని ఇరవై తీశాడు.
వాడికి ఇది పుట్టినరోజు ఆట.
నూటపదిహేడు ఎక్కడో అడుగున ఉంది.
మల్కయ్య తిట్టుకుంటూనే లాగాడు.
ఒక్కో గోతంలో పైన, నడుమ, కింద
ఇనప గొట్టం గుచ్చి ఇరవయ్యేసి పప్పులు.
మధ్యాహ్నం రెండయింది. చాయ్ చల్లారింది.

నాలుగువందలకి ఇరవై ఒకటి.

"అంటే ఐదుకి పైనే కదా!" సేఠ్ కుర్చీలోంచి లేచాడు.
అంత తొందరొద్దన్నాను.
అసలు సంఖ్య మూడు నుంచి ఏడున్నర మధ్య
ఎక్కడైనా కూర్చుని ఉండొచ్చు.
ఐదు దాటిందని నేను సంతకం పెట్టలేను.
"దాటలేదని పెడతావా?"
అదీ పెట్టలేను.

సేఠ్ నన్ను చూసిన చూపు
జీతం పెంచమన్నప్పుడు చూసిన చూపే.
"నలభై ఏళ్ళుగా అవును, కాదు
ఈ రెంటితోనే వ్యాపారం చేశాను.
నీ లెక్కకి మూడో మాట ఎందుకు?"

చెప్పాను:
మంచి సరుకు వెనక్కి పంపితే ఒక తప్పు,
దాని నష్టం మల్కయ్య వాళ్ళ పొయ్యి మీద.
పుచ్చు సరుకు దింపుకుంటే ఇంకో తప్పు,
దాని నష్టం ఎవరి పెళ్ళి ఖీర్‌లోనో.
రెంటినీ ఒకేసారి సున్నా చేసే పెన్సిల్
ఇంకా ఏ దుకాణంలోనూ అమ్మట్లేదు.
ఏది మోయగలరో మీరు చెప్పండి,
ఎంత బరువో నేను చెబుతాను.

చాలాసేపు పప్పులు అటూ ఇటూ జరిపాడు.
తర్వాత డాలా దగ్గరి పన్నెండు గోతాలు వేరు చేయించి
మిగతావి దింపమన్నాడు.
అది నా లెక్కా, మల్కయ్య భుజమా,
ఎండ నెత్తికెక్కి విసుగొచ్చిందా, నాకు తెలీదు.

సాయంత్రం తాళాలు వేస్తుంటే
బల్ల మీద మిగిలిన పప్పొకటి నోట్లో వేసుకున్నాను.
పుచ్చు.
ఉమ్మేసి, కుండ దగ్గర నీళ్ళు పుక్కిలించాను.
గోతాల గురించి ఆ ఒక్కటీ ఏమీ చెప్పదు.
బస్సు దిగేదాకా మాత్రం
నాలుక మీద అదొక్కటే ఉంది.