తొమ్మిది ఫ్రేములు

దాని అసలు పేరు మాకెవరికీ తెలియదు.
పేరు పడే ముక్క
మా దాకా రాకముందే ఏ ఊళ్ళోనో తెగిపోయింది.
చాదర్‌ఘాట్ దిల్‌నవాజ్ టాకీసులో
ఆదివారం పొద్దుటాటకు ముందు
తెర మీదికి సరాసరి ఒక కుక్క పరుగెత్తుకొచ్చేది.
నేల టికెట్టు దాన్ని మోతీ అంది.
కుర్చీ క్లాసు టామీ అంది.
గేటు దగ్గర యూసుఫలీ
"హీరో ఆగయా" అని తలుపు మూసేవాడు.

మా నాయిన బిచ్చప్ప, ఆపరేటరు.
కార్బన్ కడ్డీల వెలుగుకి
కుడికన్ను ఎప్పుడూ ఎర్రగా ఉండేది.
నేను స్టూలెక్కి చిన్న కిటికీలోంచి చూసేదాన్ని,
పల్లీల పొట్టు మెషిన్ దగ్గర రాల్చి
తిట్లు తినేదాన్ని.

నాంపల్లి స్టేషన్లో దిగిన రేకు డబ్బాల్లో
కుక్క వచ్చేది, ఏళ్ళ వరస లేకుండా.
ఒక వారం ముసలిది, మరు వారం కూన.
వరస కట్టింది నాయినే.
కాగితం లేదు, పుస్తకం లేదు,
గీత చూసి చెప్పేవాడు:

"ఇది మొదటిది. కాళ్ళు సూడు,
రబ్బరు గొట్టాల్లెక్క వంగుతున్నయ్.
లోపట బొక్క ఉంటదని గీసెటోనికి ఇంకా తెల్వదు."

"ఇది రంగులొచ్చినంక. చెవుల మీద ఎండ పడ్తున్నది.
గప్పుడు వాళ్ళ కాడ పైసలున్నయ్."

తర్వాత ఒక డబ్బా వచ్చింది.
కుక్క పరుగెత్తుతోంది, వెనక
చెట్టు, కంచె, చెట్టు, కంచె.
నాయిన వేళ్ళు మడిచాడు.
"గదే చెట్టు. నాలుగు సార్లు.
పైసలు అయిపోయినయ్ బిడ్డా."

ఆపైన కుక్క నడవడం మానేసింది.
నిలబడి మాట్లాడేది, నోరొక్కటే కదిలేది.
పిల్లలు నవ్వారు, అలవాటు కొద్దీ.
నాయిన నవ్వలేదు.
సముద్రాల అవతల బల్లల మీద వంగిన వాళ్ళలో
సగం మందిని ఇంటికి పంపేశారని
ఆయనకి ఆ కదలని కాళ్ళే చెప్పాయి.
ఆ నెలే మా దగ్గరా ఒక గేట్‌కీపర్ని తీసేశారు.
యూసుఫలీ రెండు తలుపుల మధ్య ఉరికేవాడు,
గదే తలుపు, గదే తలుపు.

మేమంతా కాచుకునేది మాత్రం
ఎండ పడే కాలం నాటి ఒక్క దూకు కోసం.
నోట్లో దొంగిలించిన రొట్టె, కింద వీధి,
మేడ మీంచి ఎదుటి మేడకు
చెవులు చాచి లేస్తుంది కుక్క...
ఠక్. అతుకు.
చూస్తే పొయ్యి పక్కన నిద్రపోతూ ఉంటుంది.

దాటిందా మరి?
ఇంటర్వెల్లో మలక్‌పేట పిల్లలకీ గౌలిగూడ పిల్లలకీ
దీని మీదే తగువు.
రొట్టె వదిలేసి దాటిందని
నర్సోజీతో పావలా పందెం కాశాను.

టీవీ వచ్చింది.
చివరి డబ్బా పుల్లటి వాసనేస్తూ బూత్‌లోనే ఉండిపోయింది,
వెనక్కి పంపుదామంటే ఆ చిరునామాలో ఎవరూ లేరు.
దిల్‌నవాజ్ ఉన్నచోట
ఇప్పుడు మెట్రో నీడన టైల్స్ దుకాణం.

నాయిన పోయాక
ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలో దొరికాయి:
ఎండిపోయిన సిమెంటు సీసా, సగం బ్లేడు,
గుడ్డపేలికలో చుట్టిన జానెడు ఫిల్ము.
పక్క చిల్లులు చినిగి ఉన్నాయి.
మెషిన్లో ఇరుక్కుంటుందని కోసి ఉంటాడు.
పారెయ్యకుండా ఎందుకు దాచాడో
అడిగే వీలు లేదు.

వంటింటి కిటికీకి పెట్టి చూశాను.
రంగులన్నీ వెలిసి గులాబీ అయ్యాయి.
తొమ్మిది ఫ్రేములు, అర సెకను కూడా కాదు.
మూడోదాంట్లో గోళ్ళు ఎదుటి పిట్టగోడను తాకాయి.
నాలుగోదాంట్లో జారాయి.
నోరు తెరుచుకుంది, అరవడానికో ఏమో.
ఎనిమిదోదాంట్లో ఎవరిదో బట్టలుతికే తొట్టి.
తొమ్మిదోదాంట్లో నురగ, నురగలోంచి తోక.

అంటే దాటలేదు. కానీ రొట్టె వదిలింది.
నర్సోజీకి నేను బాకీయా, నాకు అతనా?
పావలా ఎలాగూ చెల్లదిప్పుడు.

ఇంకోసారి వెలుగుకి పెట్టాను.
పై అంచున, మేడ కంటే ఎత్తులో
రొట్టె, 
ఇంకా కింద పడలేదు.