ఎర్త్ వైరు

పిల్లర్ నంబర్ నూట నలభై మూడు కింద
మబ్బుల్నే వచ్చి నిలబడ్డది లచ్చిరాం బండి.
"నలభై దాటుతలేదన్నా,
మొయినాబాద్ కాడికెల్లి ఈడ్చుకొచ్చిన."
ఎనక ట్రాలీల తడి గోనెల కింద బంతిపూలు.
గుడిమల్కాపూర్‌ల ఈపాటికి పాట అయిపోయుంటది.

స్టీరింగు కింది సాకెట్ల స్కానర్ గుచ్చిన.
కంప్యూటర్ నోరిప్పింది: రైల్ ప్రెషర్ తక్కువ.
తప్పు జరిగిన ఆ ఒక్క నిమిషాన్ని పట్టి దాచుకున్నది,
వేగం అరవై రెండు, నీళ్ళ వేడి ఎనభై ఎనిమిది,
ఇంజన్ మీద భారం నూటికి ముప్పై నాలుగు.
భారమంటే పూలని దానికి తెల్వది.

షోరూమోళ్ళు సెన్సార్ మార్చుమన్నరట, పద్నాలుగు వేలు.
నేను గూడ అదే అనబోయిన.

జహంగీర్ ఉస్తాద్ సాసర్ల ఛాయ్ ఊదుకుంటున్నడు.
స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకొని
నలభై ఏండ్లు ఇంజన్ల కడుపుల మాట ఇన్న మనిషి.
ఇప్పుడు ఆ చెవే పోయింది.
కోడు కాయితం మీద రాసి చూపెట్టిన.
"ఖబర్ తెచ్చినోన్ని కొడతవ్ క్యా?" అని నవ్విండు.

బానెట్ మీద అరచెయ్యి పెట్టిండు,
అంగట్ల మేక పక్కటెముకలు తడిమినట్టు.
"నడుమ నడుమ తప్పుతున్నది. ఆకలి కాదిది, భయం."

ఫిల్టర్ ఇప్పినం, నీళ్ళు లెవ్వు.
పంపు చూసినం, దాని తప్పు లేదు.
క్యాబిన్ ఎనక బ్యాటరీ పక్కన
ఛాసిస్‌కు బిగించిన నల్ల తీగె కాడ
ఆయన వేలు ఆగింది.
బోల్టు మీద పచ్చటి చిలుం.

పూలు వాడొద్దని లచ్చిరాం
రాత్రి రాత్రి చల్లిన నీళ్ళు.
ట్రాలీ సందులకెల్లి ఒక్కొక్క చుక్క,
మూడేండ్లు.

ఎర్త్ వదులైతే
ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు
లెక్క తప్పుతదంట ఎంత తెలివైన పెట్టెకైనా.

గరుకు కాయితం, ఇంత గ్రీజు, పదకొండు రూపాయల బోల్టు.
కోడు తుడిపేసిన. కంప్యూటర్ మరిచిపోయింది.
లచ్చిరాం మాత్రం గోనె ఎత్తి ఒకసారి చూసి
మళ్ళ కప్పిండు.
పైసల్ దీస్కో అంటె ఉస్తాద్ చెయ్యి ఊపిండు,
నా దిక్కు చూసి, కూలి మటుకు తీస్కొమ్మన్నడు.

బండి మెహదీపట్నం దిక్కు ఎగేసుకొని పోయింది.
ఆ సప్పుడు ఉస్తాద్‌కు ఇనపడలే.
పిల్లర్‌కు ఆనుకొని కూసున్నడు,
పైన పోయే బండ్లను
ఈపుతోని ఇనుకుంట.