పెన్సిలు చార్టు

డిపోలో డ్యూటీ చార్టు రాసేది నేనే.
పద్నాలుగేండ్లుగా పెన్సిలుతోనే రాస్తా.
పెన్నుతో రాస్తే మనుషులు కదలరు,
పెన్సిలైతే ఒక్క రుద్దుకి
యాదమరి నించి బెంగుళూరికి పోతారు.

చిత్తూరు ఎండ గేటు దాటకముందే
నల్లబల్ల మీద సుద్దముక్క కదులుతుంది:
లీటరుకి ఎవురు ఎన్ని కిలోమీటర్లు.
పై ముగ్గురి పేర్ల పక్కన రంగు సుద్దతో పూలు.
కింది ముగ్గురికి ఏమీ వెయ్యరు.
ఊరికే అందరూ చూస్తారు.

ఆ కింది ముగ్గురిలో చెంగల్రాయుడు ఎప్పుడూ ఉంటాడు.
బండి సంగతి ఎవురూ అడగరు.
మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు
ముసలి ఎనుము మాదిరి రొప్పే బండి.
డీజిలు తాగేది ఇంజను,
మెమో తీసుకునేది మనిషి.

సెలవుచీటీ మూడుసార్లు పెట్టినాడు.
మూడుసార్లూ నేనే రాసినాను ఎర్రసిరాతో:
‘సిబ్బంది కొరత. తిరస్కరించడమైనది.’
కొరత అబద్ధం కాదు.
రిటైరైపోయిన ఇరవై ముగ్గురి స్టీరింగులు
మిగిలినోళ్ల చేతుల్లోనే తిరుగుతా ఉన్నాయి.

మామిడికాయల కాలం. తోతాపురి లారీలు
ఫ్యాక్టరీల కాడ మైలు పొడుగునా నిలబడినాయి.
రాత్రంతా బెంగుళూరు రోడ్డు తోలి వచ్చినోడికి
పొద్దున వేలూరు వేసినాను.
వేసినానంటే, ఒక పేరు రుద్ది ఇంకో పేరు రాసినాను.
అయిదక్షరాల పని.

గుడిపాల దాటినాక కల్వర్టు గోడకి గీసుకుంది బండి.
ఎవురికీ ఏమీ కాలేదు.
ఒక అద్దం, ఒక హెడ్‌లైటు,
ఎవురో అవ్వ గంపలో సగం టమోటాలు.

ప్రమాద పత్రం టైపు చేసింది కూడా నేనే.
కారణం అనేచోట నాలుగు గడులు:
అతివేగం, మద్యం, యంత్రలోపం, నిర్లక్ష్యం.
నిద్రకి గడి లేదు.
చార్టుకి గడి లేదు.
నిర్లక్ష్యం ముందర టిక్కు పెట్టినాను.
ఎవరి నిర్లక్ష్యమని కాగితం అడగలేదు.
అతనికి ఒక ఇంక్రిమెంటు పోయింది.

ఆ నెలాఖర్లోనే తిరుపతిలో మాకు రెండురోజుల శిక్షణ.
చల్లటి హాలు, మూతలు పెట్టిన గాజుగ్లాసులు,
తెర మీద ‘ఉద్యోగే మన సంపద’.
నోటుబుక్కులో రాసుకున్నాను,
సంపద కింద స్కేలు పెట్టి గీత కూడా గీసుకున్నాను.

తిరిగొచ్చి రెస్టురూము తలుపు తోస్తే
సంపద నేలమీద పడుకోనుంది,
చినిగిన సీటు రెక్సిను దిండు చేసుకోని,
దోమలకి మొహం మీద తువ్వాలు కప్పుకోని.
ఫ్యాను తిరగడం లేదు.
ఇండెంటు పెట్టి ఎనిమిది నెలలు.
ఎలక్ట్రీషియన్ కుప్పన్నకి రెండు టీలు తాపిస్తే
సాయంత్రానికి తిరిగింది. అంతే.
నాకు సిగ్గేసింది, ఆ రెండు టీలకి.

అప్పటినించి మూడురోజుల ముందే చార్టు తగిలిస్తా ఉన్నాను.
ముసలి బండి ఎవరికి వేసినానో
పేరు పక్కన అదీ రాస్తా ఉన్నాను.
మేనేజరుకి నచ్చలేదు. చింపమనీ చెప్పలేదు.

రెండు నెలలకి నల్లబల్ల మీద అంకెలు కాస్త లేచినాయి.
పైనించి ఉత్తరం వచ్చింది,
శిక్షణ ఫలితాలు కనబడుతున్నాయని.

నిన్న చెంగల్రాయుడు చార్టు ముందర నిలబడి
వేలితో వెతుక్కుంటా అడిగినాడు:
‘అమ్మా, బేస్తవారం నాకేమీ లేదే?’
‘లేదు.’
‘లేదంటే?’
‘లేదంటే పడుకో నాయనా.’

నమ్మినట్టు లేడు.
నేను కూడా పూర్తిగా నమ్మలేదు.
బేస్తవారం ఇంకా పెన్సిల్లోనే ఉంది,
ఫోను మోగితే
రబ్బరు నా టేబులు మీదే ఉంటుంది.