పట్టపగలు దీపం

బియ్యపుతిప్పలో పదకొండున్నర.
వశిష్ఠ సముద్రంలో కలిసే చోట
నీళ్ళు కూడా కళ్ళు చికిలించుకునే ఎండ.
సరుగుడు చెట్ల నీడ
చెట్ల కిందే ముడుచుకుని ఉంది.

కొల్లాటి సత్యవేణి ఇసుకలో పీట వేసుకు కూర్చుంది.
ఒడిలో సగం అల్లిన లేసు గుడ్డ,
వేళ్ళ మధ్య అరిగి తళతళలాడే సూది.
నలభై ఏళ్ళుగా ఆమె తల ఆ సూది మీదికే వంగింది.
ఇప్పుడు నేను "తల ఎత్తండి" అంటే
మెడకి దారి గుర్తులేదు.

నర్సాపురం షావుకారు ముందే చెప్పాడు:
"కేటలాగుకి లేసు కనపడాలయ్యా.
మొహం ఎలాగూ మెడ దగ్గర కోసేస్తాం."

ఆయనకేం, చెప్పాడు.
తెల్లటి లేసుకి కొలిచి నొక్కితే
ఆమె మొహం బొగ్గు,
కనుబొమల కింద రెండు పాడు నూతులు.
మొహానికి కొలిచి నొక్కితే
లేసులో ఒక్క పువ్వూ మిగలదు,
ఒడిలో సున్నం ఒలికినట్టు.
అల్లినదీ, అల్లినామే
ఒకే కొలతలో ఇమడరు.

అందుకని ఎండ వీపుకి వచ్చేలా ఆమెని తిప్పి కూర్చోబెట్టాను.
ఏసుపాదం గొడుగు విప్పి ఫ్లాష్ బిగించాడు.
చుట్టూ చేరినవాళ్ళలో ఒకామె నవ్వింది:
"పట్టపగలు దీపమేటండి బాబూ,
సూరీడికి దారి సూపిత్తారా?"

చూపించనమ్మా, బతిమాలుకుంటాను.
షట్టర్ రెండు వందలు దాటిందా,
నా వెలుగు ఫ్రేములో సగమే తడుపుతుంది,
మిగతా సగానికి చీకటి తెర.
ఆ గీత లోపలే నా సంసారం.
అపెర్చర్ పదకొండుకి బిగిస్తే ఎండ తగ్గుతుంది,
దాంతోపాటు నా దీపమూ తగ్గుతుంది.
షట్టర్ మాట ఎండ ఒక్కటే వింటుంది;
తలుపు మూసేలోగానే
ఫ్లాష్ పుట్టి చచ్చిపోయి ఉంటుంది.
ఈ ఒక్క ముక్క తలకెక్కడానికి నాకు
మూడు పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు,
ఒక పెళ్ళికొడుకు మేనమామ చేతి దెబ్బా పట్టాయి.

ఏసుపాదాన్ని ఒక అడుగు ముందుకు రమ్మన్నాను.
మరీ ముందుకొస్తే అబద్ధం.
చూసినవాడు "ఫ్లాష్ బాగా కొట్టావ్" అంటాడు.
అనకూడదు.
కూరలో ఉప్పుందని ఎవరైనా చెబుతారా?

ఇంతలో సముద్రపు గాలికి గొడుగు వెనక్కి విచ్చుకుంది.
ఎవరో బియ్యం సంచిలో తడి ఇసుక పోసి
స్టాండుకి కట్టారు.
వలకి వేసే ముడి. ఇక కదల్లేదు.

"కళ్ళు మూసుకోండి.
మూడు అన్నాక తెరవండి."
మూసుకుంది.
పనిలేకుండా కళ్ళు మూసుకోవడం అలవాటు లేదేమో,
రెప్పలు వణికాయి.
ఒకటి.
రెండు.
మూడు.

"పచ్చటి సుక్క ఆడతందండి కళ్ళ ముందు," అంది.

నెత్తిన తువ్వాలు కప్పుకుని తెర చూశాను.
నూతుల్లో నీళ్ళు ఊరాయి.
రెండింటిలోనూ చెరొక చిన్న గొడుగు.
లేసులో ప్రతి పువ్వూ దాని నీడతో సహా ఉంది.
జుట్టు అంచున ఎండ, నిజం ఎండ.

గర్వంగానే చూపించాను.
తన మొహం వంక చూడనేలేదు.
గోటితో తెర మీద వరసలు లెక్కపెట్టుకుంటూ పోయి
ఒకచోట ఆగింది.
"ఇక్కడ ఓ కన్ను తప్పిందండి."

కన్ను అనగానే
నేను ఆమె కళ్ళే చూశాను.
రెండూ సరిగ్గానే ఉన్నాయి.

"అక్కడ కాదు. పువ్వు పక్కన, ఐదో వరస."
చెప్తూనే దారం లాగేసింది.
సర్రున వరసలు ఊడి ఒళ్ళో పడ్డాయి.
"కూసేపు ఆగండి, అల్లేత్తాను.
ఎండ ఉంటదా?"

వంగిన తల మళ్ళీ లేచేసరికి
సరుగుళ్ళ నీడ జానెడు పొడుగయింది.
మీటరు చూసి ఏసుపాదం అరిచాడు:
"అర స్టాపు దిగిందన్నా!"

మనమూ దిగుదాం అన్నాను.
అర స్టాపు.